ఆరో ట్యూబు కింద చుక్క

"ఈ చుక్క ఎవరు పెట్టారు?"

చుక్కమ్మ గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. ఇంట్లోవాళ్ళకి ఆవిడంటే ఉన్న భయమంతా అందుకే.

డైనింగు టేబులు మీద లాబు నోట్‌బుక్కు బార్లా తెరిచి ఉంది. పక్కన మూడు కప్పుల్లో కాఫీ చల్లారి మీగడ కట్టింది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరయినా ఎవరూ తిండి ఊసెత్తలేదు. భర్త కిటికీ దగ్గర నిలబడి కింద వీధిలోకి చూస్తున్నాడు, చూడదగ్గది అక్కడేమీ లేకపోయినా. అత్తగారు వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో, చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది.

"ఏ చుక్క?" అన్నాడు భర్త, ఇటు తిరక్కుండానే.

"ఏ చుక్కో మీకు తెలుసు సార్."

లాబులో అతను సైంటిస్టు, ఆవిడ పద్నాలుగేళ్ళుగా టెక్నీషియను. అక్కడ నలుగురి ముందూ 'సార్' అంటుంది, గడప దాటి లోపలికొస్తే 'ఏవండీ' అంటుంది. ఇంట్లో కూడా 'సార్' అందంటే ఆ పూటకి ఇంక ఎవరికీ ముద్ద దిగదు.

అతను వచ్చి నోట్‌బుక్కు మీదికి వంగాడు. ఫిబ్రవరి పన్నెండో తారీకు పేజీ. ఒకటి నుంచి ఎనిమిది దాకా ట్యూబుల నంబర్లు వరసగా ఉన్నాయి. ఒక్కో అంకె కింద ఒక్కో నల్లచుక్క.

"నిన్న సాయంత్రం ఏడే ఉన్నాయి" అంది చుక్కమ్మ. "ఆరో దాని కింద ఖాళీ. నేనూ చూశాను, మీరూ చూశారు. తెల్లారేసరికి ఎనిమిదయ్యాయి. మొలకెత్తిందంటారా?"

"నేను పెట్టలేదు."

"నిన్న రెండు గంటల సేపు పెట్టమని నా ప్రాణం తీసింది మీరే కదా."

"అడిగాను. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. కానీ నేను పెట్టలేదు."

చుక్కమ్మ అతని ముఖంలోకి చూసింది. పదకొండేళ్ళ కాపురంలో ఆ ముఖం అబద్ధం చెప్పినప్పుడల్లా ఎడమచెవి దగ్గర గోక్కునేది. ఇప్పుడు చేతులు రెండూ టేబులు మీదే ఉన్నాయి. అయినా ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు. ఆ ఇంట్లో ఆ చుక్క అవసరం ఇంకెవరికుంది గనక?

చుక్కమ్మ అన్న పేరు లాబులో కుర్రాళ్ళు పెట్టింది. ఆవిడకో పద్ధతుంది. కణాల్ని పగలగొట్టే ముందు ప్రతి ట్యూబులోనూ ఇన్హిబిటరు ఒక చుక్క వేసి, చుక్కలు వేసే పిపెట్టు కిందపెట్టకుండానే నోట్‌బుక్కులో ఆ నంబరు కింద పెన్నుతో ఒక చుక్క పెడుతుంది. ట్యూబులో వెయ్యందే కాగితం మీద పెట్టదు. కాగితం మీద పెట్టందే పక్క ట్యూబు ముట్టుకోదు. కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో నవ్వుకుంటారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళ నోట్‌బుక్కుల్లోనూ చుక్కలు మొదలవుతాయి.

"ఒరే" అని పిలిచింది అత్తగారు. "నిన్నట్నుంచీ చుక్క చుక్క అని ఇద్దరూ చంపుతున్నారు. ఆ ఒక్కటీ లేకపోతే ఏమవుతుందో నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

"ఇప్పుడా అమ్మా?"

"ఇప్పుడే."

ఆవిడ ముప్ఫై రెండేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయింది. ఇప్పటికీ మందుల పెట్టెలో వచ్చే కాగితం కూడా తప్పులు దిద్దిగాని పారెయ్యదు. అర్థం కాని వాక్యాన్ని వదిలిపెట్టే అలవాటు లేదు. కొడుకు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"కణం నేలని పట్టుకుని నిలబడుతుందమ్మా. దాని అడుగున కొన్ని ప్రొటీన్లుంటాయి. వాటికి ఫాస్ఫేటు అతుక్కుంటే పట్టు దొరుకుతుంది, ఊడిపోతే జారుతుంది. ఆ ఫాస్ఫేటునీ మేం చుక్కే అంటాం. పట్టు జారిన కణం ఉండచుట్టుకుని ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. చావాలి కూడా. కాన్సరు కణం మాత్రం నేల వదిలినా చావదు. చుక్కలు అతికించే ఎంజైము దాన్లో ఆపకుండా అతికిస్తూనే ఉంటుంది. మా మందు ఆ ఎంజైముని ఆపుతుంది."

"ఊడబీకేవాళ్ళు లేరా మరి?"

"ఉన్నాయి. అతికించేవి కొన్ని, ఊడబీకేవి కొన్ని. కణం బతికున్నంతసేపూ రెండూ ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటాయి. పరీక్ష కోసం కణాన్ని పగలగొట్టామనుకో, ఊడబీకేవాటికి అడ్డే ఉండదు. నిమిషాల్లో ఉన్న చుక్కలన్నీ ఊడ్చేస్తాయి. అందుకే ముందుగా ఇన్హిబిటరు వేసి వాటి చేతులు కట్టేస్తాం."

"ఆరో ట్యూబులో అది పడలేదు అత్తయ్యా" అంది చుక్కమ్మ. "ఒకటి నుంచి ఆరు దాకా మందు పెంచుకుంటూ పోయాం. ఏడూ ఎనిమిదీ పోల్చి చూడ్డానికి. అన్నిటికన్నా ఎక్కువ మందు ఆరో దాన్లో. చుక్కలుంటే నల్లగీత పడే ఫిల్ము మీద దాని చోటు తెల్లగా వచ్చేసరికి ఎంజైము నోరు మూతపడిందని లాబంతా చప్పట్లు. నేనూ కొట్టాను. మందు ఎంత ఊడగొట్టిందో, నా మతిమరుపు ఎంత ఊడగొట్టిందో ఇప్పుడు ఆ దేవుడు కూడా చెప్పలేడు."

"ఒక్కసారే చేశారా? రెండో ప్రూఫు లేదూ?"

"మూడుసార్లు చేశాం" అన్నాడు కొడుకు.

"మిగతా రెండుసార్లు ఏం వచ్చిందో కూడా చెప్పండి."

అతను కిటికీ వైపు తిరిగాడు. చుక్కమ్మే చెప్పింది. "రెండుసార్లూ సగమే తగ్గింది. మొత్తం పోయింది ఆ ఒక్కసారే. పరిశోధన పేపర్లోకెక్కిన బొమ్మ అదే. సగటు నిలబడ్డదీ దాని దయవల్లే."

"సగం తగ్గడం కూడా ఫలితమే" అన్నాడతను.

"ఫలితమే. అయితే సగమనే రాయండి."

అతను లేచి కప్పులు మూడూ తీసుకెళ్ళి సింకులో పెట్టాడు. పెట్టడం కాదు, పడేశాడు. ఒకదాని పిడి విరిగింది. ఎవరూ అటు చూడలేదు.

"నీకు చెప్పడం తేలిక" అన్నాడు సింకు దగ్గర్నుంచే. "రేపు పదింటికి డైరెక్టరుకి నోట్‌బుక్కు ఇవ్వాలి. పేపరు వెయ్యాల్సిన సైన్సు పత్రికవాళ్ళు అసలు పేజీలు అడిగారు. ఇవ్వకపోతే పేపరు లేదు. పేపరు లేకపోతే ఈ నెలాఖరుకి నా పోస్టు లేదు. మళ్ళీ చేద్దామంటే మందు సీసా అడుగంటింది. కొత్తది రావడానికి రెండు నెలలు. ఆర్నెల్లకోసారి పొడిగించే ఉద్యోగంలో తొమ్మిదేళ్ళు చేశాను. తొమ్మిదేళ్ళు. ఒక్క చుక్క కోసం అదంతా ఊడ్చేస్తావా?"

"ఆరో మోతాదు సరిపోతుందని పేపర్లో ఉంటే, రేపు ఇంకొకళ్ళు అక్కణ్ణుంచే మొదలుపెడతారు. ముందు ఎలుకలు, తరవాత మనుషులు. చుక్క సగం మిగిలిన కణం చావదు సార్. కాలు మోపడానికి ఎక్కడో అంత చోటు దొరగ్గానే మళ్ళీ లేచి నిలబడుతుంది. ఈ మాట నాకు నేర్పింది మీరే. నేను చేరిన కొత్తలో, మీరింకా రీసెర్చి స్టూడెంటుగా ఉన్నప్పుడు, మైక్రోస్కోపు దగ్గర."

అతను కుళాయి తిప్పాడు. కడగడానికేమీ కాదు, ఆ మాట వినపడకుండా ఉండటానికి. నీళ్ళు కాసేపు పోయాయి. కట్టేశాడు.

"నేను పెట్టలేదు" అన్నాడు మూడోసారి. ఈసారి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పెడదామని పొద్దున్నే లేచి వచ్చాను. పెన్ను మూత కూడా తీశాను. అప్పటికే ఉంది. నువ్వే మనసు మార్చుకుని పెట్టావనుకున్నాను. నిజం చెప్పనా, నీ మీద జాలేసింది."

చుక్కమ్మకి మొదటిసారి అనుమానం అతని మీంచి జారింది. నోట్‌బుక్కు ముందుకు లాక్కుని ఆ పేజీ కిటికీ వెలుతురుకి పట్టింది.

"ఇది నాది కాదు" అంది. "నా కుడిచేతిలో పిపెట్టుంటుంది. చుక్కలు ఎడమచేత్తో పెడతాను. ఒక్కటీ తిన్నగా ఉండి చావదు, అన్నీ పక్కకి సాగుతాయి. దీన్ని చూడండి. అంకెకి సరిగ్గా నడిమధ్య, గీతకి ఆనకుండా, అచ్చేసినట్టు..."

అక్కడ ఆగిపోయింది.

ఇద్దరూ ఒకేసారి గుమ్మం వైపు తిరిగారు. సబ్బు మీది కాగితం కూడా చదివిగాని విప్పని మనిషి, ఇంత గొడవ జరుగుతుంటే ఆ పేజీ చూడ్డానికి ఒక్కసారి కూడా కుర్చీలోంచి లేవలేదు. ఆ సంగతి ఇద్దరికీ అప్పుడే తట్టింది.

"అత్తయ్యా."

ముసలావిడ చేతికర్రని ఒళ్ళోంచి తీసి గోడకి ఆనించింది.

"కొలిచే పెట్టాను" అంది. "నీ పెన్నే, నీ సంచీలోంచి తీసి. నీ చేతివంకర ఒక్కటీ పట్టుకోలేకపోయాను. భూతద్దం ఉన్నా చూపు చూపే కదా."

"అమ్మా, నీకేమన్నా..."

"నువ్వు ఆగరా. నీతో కాదు." ఆవిడ కోడలి వైపే చూస్తోంది. "నిన్న మీరిద్దరూ లోపలికెళ్ళాక ఆ పేజీ చదివాను. తారీకు చూశాను అమ్మాయ్. ఫిబ్రవరి పన్నెండు. నేను మెట్ల మీంచి పడ్డ రోజు."

చుక్కమ్మ నోట్‌బుక్కు మెల్లిగా టేబులు మీద పెట్టింది.

"ముందు వీడికి చేశాను, ఎత్తలేదు. తరవాత నీకు చేశాను. మొదటి రింగుకే ఎత్తావు. ఐదు చుక్కలు పెట్టి ఆరో ట్యూబు చేతిలో పట్టుకుని ఉన్నావు. అవునా?"

"మూత తీసి ఉంచాను" అంది చుక్కమ్మ చివరికి. "మీతో మాట్లాడి, కింద వాటా ఆవిణ్ణి మీ దగ్గరకి పంపి, తిరిగొచ్చి చూస్తే ఆరో దాని మూత తీసుంది. వేసేశాననుకున్నాను. ఏడోదానికి వెళ్ళిపోయాను. త్వరగా ముగించి ఇంటికి రావాలని తప్ప కాగితం మీద ఏముందో చూసుకోలేదు."

భర్త టేబులు అంచు పట్టుకున్నాడు. ఆ రోజు ఎందుకు మర్చిపోయావని నిన్న సాయంత్రం అతను పదిసార్లు అడిగాడు. మర్చిపోయానండీ అన్న ఒక్క మాటే పదిసార్లు వచ్చింది. తను ఎత్తని ఫోను సంగతి అతనికి ఇప్పుడే గుర్తొచ్చింది.

"నా పేరు ఎందుకు ఎత్తలేదే?" అంది అత్తగారు.

"ఎత్తితే మాత్రం ఏముంది. చెయ్యి నాది."

"ముప్ఫై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దాను. రాసినవాడు రాయని అక్షరం ఒక్కటి నా అంతట నేను చేర్చలేదు. నిన్న చేర్చాను. నా తుంటి విరిగి నీ పని చెడింది గదా, ఆ రుణం చుక్కతో పోతుందనుకున్నాను. ఎలుకలూ మనుషులూ అని నువ్విప్పుడు చెప్పావు. ముందే ఎవరన్నా చెప్పి చస్తే కదా."

చుక్కమ్మకి కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది. దాంతో కోపం కూడా వచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని గట్టిగా ఊపిరి పీల్చింది.

"అయితే అయింది" అన్నాడు భర్త నెమ్మదిగా. "చూడు, ఎవరూ కావాలని చేసింది కాదు. ఎనిమిది అంకెలు, ఎనిమిది చుక్కలు. అద్దం పెట్టి వంకర చూసేదెవరు? ఇక్కడితో వదిలేద్దాం."

"ఒరే, ఇంత విన్నాక కూడా అదే పాటా?"

"ఎవరికోసం అంటున్నాను? నీ పేరు బయటికి రాకుండానే కదమ్మా."

"నా పేరు సంగతి నీకెందుకు? చెరిపెయ్ అమ్మాయ్ దాన్ని."

"చెరపకూడదు అత్తయ్యా. లాబు పుస్తకంలో చెరపడం లేదు. అడ్డంగా గీత కొట్టి, పక్కన కారణం రాసి, తారీకు వేసి సంతకం పెట్టాలి." చుక్కమ్మ నవ్వింది, నవ్వులాంటిదేదో. "కారణం ఏమని రాయను? మా అత్తగారు పెట్టారనా? అసలీ పుస్తకం లాబు గుమ్మం దాటకూడదు. దాటించింది నేను. పేజీల నకలు తీరిగ్గా చేసుకుందామని నిన్న సంచీలో వేసుకొచ్చాను. ఎటు తిరిగీ నా మెడకే."

పై వాటాలో ఎవరో మంచం జరుపుతున్న చప్పుడు వినిపించింది. తరవాత అదీ ఆగిపోయింది.

అప్పుడు టేబులు మీద చుక్కమ్మ ఫోను మోగింది. తెర మీద డైరెక్టరు పేరు పడింది. ఆయన ఆదివారాలు ఫోను చేసే మనిషి కాడు.

"స్పీకరులో పెట్టు" అన్నాడు భర్త. ఆవిడ పెట్టింది.

"ఏమ్మా, ఇంట్లోనే ఉన్నావా? మీ ఆయన ఉన్నాడా?"

"ఉన్నారు సార్. పక్కనే ఉన్నారు."

"రేపు పుస్తకం తెస్తున్నావుగా."

"తెస్తున్నాను సార్."

"ఒక్క మాట అడుగుదామని చేశాను. శుక్రవారం నీ బల్ల దగ్గరికొస్తే నువ్వు లేవు. పేజీలు తిరగేశాను. ఫిబ్రవరి పన్నెండున ఆరో దాని కింద చుక్క నాకు కనపడలేదు. కళ్ళజోడు మార్చాల్సి వచ్చిందేమో అనుకున్నాను. రెండు రోజుల్నుంచీ అదే తొలుస్తోంది. చూసి చెప్పు. ఉందా, లేదా?"

చుక్కమ్మ పేజీ వంక చూసింది. ఉంది అంటే అబద్ధం కాదు. ఎదురుగా కనపడుతూనే ఉంది. భర్త కళ్ళు మూసుకుని తల చిన్నగా ఊపాడు, ఉందనమని. ఆ తల ఊపులో తొమ్మిదేళ్ళూ ఉన్నాయి.

"ఉంది సార్" అంది.

అతను ఊపిరి వదిలాడు.

"కానీ ఆ చుక్క నాది కాదు. ఆ రోజు ఆరో ట్యూబులో ఇన్హిబిటరు పడలేదు. ఆ బొమ్మ తప్పు. తప్పు చేసింది నేను. పుస్తకం ఇంటికి తెచ్చిందీ నేనే."

అవతల కుర్చీ జరిగిన చప్పుడయింది.

"ట్యూబు సంగతీ, పుస్తకం ఇంటికి తెచ్చిన సంగతీ రేపు మాట్లాడదాం" అన్నాడు డైరెక్టరు. "పుస్తకంలో ఇంకొకరి చెయ్యి పడటం మాత్రం రేపటిదాకా ఆగే విషయం కాదు. నీది కాకపోతే ఎవరిదమ్మా అది?"

అత్తగారు గోడ పట్టుకుని లేచింది. కర్ర లేకుండా ఒక అడుగు వేసింది, రెండోది వేసింది. ఫోను కోసం చెయ్యి చాపింది.

ఆ చెయ్యిని కొడుకు మధ్యలోనే పట్టుకున్నాడు. తల్లిని మెల్లిగా తన కుర్చీలో కూర్చోబెట్టి, ఆ చెయ్యి వదలకుండానే ఫోను మీదికి వంగాడు.

"నాది సార్" అన్నాడు. "నిన్న నేనే పెట్టాను. వీళ్ళిద్దరికీ తెలీదు."

ముసలావిడ నోరు తెరిచింది. అతను ఆవిడ చెయ్యి ఇంకా గట్టిగా నొక్కాడు. చుక్కమ్మ అతని వంకే చూస్తోంది. పొద్దుట్నుంచీ నేను పెట్టలేదని మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ నిజమే చెప్పాడు. తను మొదటి రెండుసార్లూ నమ్మలేదు. ఇప్పుడు అతని రెండో చెయ్యి ఎడమచెవి దగ్గరకి పోయింది.

"నువ్వు ఒప్పుకుంటే సరిపోదు" అన్నాడు డైరెక్టరు, అతనితో. తరవాత గొంతు మార్చాడు. "అమ్మా, పద్నాలుగేళ్ళలో నువ్వు పెట్టిన చుక్క నేను రెండోసారి పరీక్షించలేదు. ఇప్పుడూ అంతే. అతను చెప్పింది నిజమని నువ్వంటే అలాగే రాసి పైకి పంపుతాను. ఆ చుక్క అతనిదేనా?"

అత్తగారు కోడలి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. భర్త నిలువుగా ఊపాడు.

చుక్కమ్మ ఎడమచేతి వేలు ఆరో అంకె కింద ఆనించింది. చుక్క గుండ్రంగా, తిన్నగా, ఒక్క తప్పూ లేకుండా ఉంది.

"వింటున్నావా అమ్మా?" అన్నాడు డైరెక్టరు.